వీపున అద్దం

మా ఇంట్లో ఒక గడియారం ఎప్పుడూ బోర్లా పడుకుని ఉంటుంది. టైమెంతయిందో తెలియాలంటే దాన్ని తిరగెయ్యాలి. ఎవరూ తిరగెయ్యరు. దాని ముఖం కంటే వీపు బాగుంటుంది మరి.

షికాగోలో ఉంటున్న మా బావమరిది ఆరేళ్ళ కిందట తెచ్చిచ్చిన జేబు గడియారం అది. ఎల్జిన్ కంపెనీది, 1890ల నాటిది. ముందువైపు తెల్లటి పింగాణీ డయలు, నల్లటి అంకెలు, ఆరు దగ్గర సెకన్ల ముల్లుకి వేరే చిన్న వలయం. వెనక మాత్రం మూత లేదు. మూత ఉండాల్సిన చోట దళసరి అద్దం బిగించి ఉంది. అద్దం అడుగున అలలు తీర్చినట్టు చారలు దిద్దిన వెండిరంగు పలకలు, వాటి మీద నీలం స్క్రూలు, దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి రాళ్ళు, ఓ పక్కన క్షణం ఆగకుండా ఇటూ అటూ తిరుగుతుండే పసుపు చక్రం. మా అత్తగారు చూసి, “ఇదేం గడియారం బాబూ, పేగులు బయట పెట్టుకుని!” అన్నారు.

పేగులు బయట పెట్టుకోవడమే దాని ఉద్యోగం. పాత గడియారాలు పోగుచేసే కలెక్టర్లు ఇలాంటి వాటిని డిస్‌ప్లే కేసులంటారు. ఒకప్పుడు దుకాణం కౌంటరు మీద సరుకు చూపించడానికి పుట్టిన కేసులివి. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే అద్దంలోంచి కనిపించే ప్రతి వస్తువునీ కాస్త అనుమానంగా చూడడం అలవాటవుతుంది. ఇందులో టైము కోసం పెట్టింది ఎంత, కొనేవాడి కంటి కోసం పెట్టింది ఎంత?

ముందు మన మాటలోనే ఉన్న చిన్న వింత చెప్పుకోవాలి. చేతి గడియారం పక్కన ఉండే బొడిపెని తిప్పుతూ “కీ ఇస్తున్నా” అంటాం. అందులో కీ ఎక్కడుంది? గోడ గడియారాలకి నిజంగానే ఉండేది. గడియారం పెట్టెలోనే ఓ మూల పడి ఉండేది. జేబు గడియారాలకి కూడా తొలి మూడు వందల ఏళ్ళు కీయే గతి. అగ్గిపుల్లంత కీని గొలుసుకి తగిలించుకుని తిరిగేవారు. రాత్రి పడుకోబోయే ముందు మూత తెరిచి, కన్నంలో కీ దూర్చి తిప్పేవారు. దాంతో లోపలి యంత్రాన్ని చూడక తప్పేది కాదు చాలామందికి. ఇంగ్లండు పనివాళ్ళకి ఇది బాగా తెలుసు. తిరిగే చక్రాన్ని పైనుంచి పట్టుకుని ఉండే చిన్న ఇత్తడి ముక్క మీద లతలూ పూలూ ముఖాలూ సన్నటి జాలీలా చెక్కేవారు. తర్వాతి కాలంలో ఆ ముక్కల్ని పీకి నెక్లెసులు గుచ్చి అమ్మినవాళ్ళున్నారు. అంత ముచ్చటగా ఉండేవి, అంత దారుణానికి గురయ్యాయి.

1840ల్లో ఏడ్రియన్ ఫిలిప్ అనే ఫ్రెంచి గడియారాల నిపుణుడు కీ అవసరం లేకుండా బొడిపెతోనే స్ప్రింగు బిగించే ఏర్పాటు చేశాడు. పటెక్ ఫిలిప్ అన్న పేరులో రెండో సగం ఆయనే. మూత తెరవక్కర్లేదు కాబట్టి లోపలికి దుమ్మూ చెమ్మా పోవు, గడియారానికి మేలే. కానీ యజమానికీ యంత్రానికీ మధ్య తలుపు పడిపోయింది. కీ పోయింది, మన నోట్లో మాట మిగిలింది.

ఆ తలుపుకి అద్దం పెట్టించింది మాత్రం అమెరికా ఫ్యాక్టరీలు.

అప్పటిదాకా యూరప్‌లో గడియారం అంటే పదిమంది పదిచోట్ల చేసిన ముక్కల్ని ఒకదానికొకటి ఆకురాయితో రాసి కుదిర్చి కూర్చిన వస్తువు. ఒక గడియారంలో చక్రం ఇంకో గడియారంలో పట్టదు. ఆరన్ డెనిసన్, ఎడ్వర్డ్ హోవర్డ్, మరికొందరు కలిసి 1850లో మసాచుసెట్స్‌లో మొదలుపెట్టిన ఫ్యాక్టరీ, తుపాకుల కార్ఖానాల పద్ధతిలో, యంత్రాలే యంత్రాల్ని చెయ్యాలన్న పట్టుదలతో బయల్దేరింది. 1854లో వాల్థమ్ ఊరికి మారింది, తర్వాత ఆ ఊరి పేరే దానికి స్థిరపడింది. మధ్యలో దివాలా తీసింది, చేతులు మారింది, నిలదొక్కుకుంది. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో తనంతట తాను స్క్రూలు కోసే వాల్థమ్ యంత్రాన్ని చూసిన స్విస్ ప్రతినిధులకి నిద్ర పట్టలేదు. వారిలో లాంజీన్ కంపెనీ ఇంజనీరు జాక్ డేవిడ్ ఒకడు. ఆయన తిరిగొచ్చి రాసిన నివేదిక స్విస్ పరిశ్రమకి మేలుకొలుపు.

ముక్కల కొలతలు స్థిరపడ్డాక యంత్రం కొలతా స్థిరపడింది. 16 సైజు అంటే డయలు వైపు పలక వ్యాసం ఇంచుమించు 43 మిల్లీమీటర్లు, 18 సైజు అంటే 45కి దగ్గర. వాల్థమ్, ఎల్జిన్, హామిల్టన్, ఇల్లినాయ్ వంటి కంపెనీలు చాలాకాలం యంత్రాన్ని మాత్రమే చేసి అమ్మేవి. మన రిపేరు దుకాణాల భాషలో ‘మిషను’. కేసులు చేసే కంపెనీలు వేరే ఉండేవి. కొనేవాడు నగల దుకాణానికి వెళ్ళి ముందు మిషను ఎంచుకునేవాడు, తర్వాత జేబుని బట్టి నికెలో వెండో బంగారమో కేసు ఎంచుకునేవాడు. దుకాణదారు రెండూ కలిపి బిగించి ఇచ్చేవాడు. మనం గుడ్డ ఒక చోట కొని, కుట్టుకూలి ఇంకోచోట ఇచ్చినట్టు.

ఇక్కడే వచ్చింది చిక్కు. విడి మిషనుని చేత్తో పట్టుకుని గిరాకీకి చూపించడం కుదరదు. వేలి చెమట అంటితే ఉక్కు తుప్పు పడుతుంది, గోరు తగిలితే జుట్టంత సన్నటి స్ప్రింగు వంకర పోతుంది. అందుకని ముందూ వెనకా అద్దాలున్న చవక నికెల్ కేసులో మిషనుని పెట్టి కౌంటరు మీద ఉంచేవారు. ఊరూరా తిరిగే సేల్స్‌మన్ల పెట్టెల్లోనూ ఇవే. బేరం కుదిరితే మిషను బంగారు కేసులోకి మారిపోతుంది, అద్దాల కేసులోకి ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. కొన్నవాడు ఆ వీపుని మళ్ళీ చూస్తాడన్న నమ్మకం లేదు.

ఆ కాసేపటి చూపు కోసమే పలకల మీద అంత సింగారం. అరగదీసే మందు పూసిన చిన్న బిళ్ళని తిప్పుతూ నికెల్ పలకల మీద సన్నటి గీతల్ని వరసలుగా, వలయాలుగా, గళ్ళుగా దిద్దేవారు. అమెరికన్లు దానికి డమస్కీనింగ్ అని పేరు పెట్టుకున్నారు. గడియారాన్ని ఇటు వంచితే ఒక చార మెరుస్తుంది, అటు వంచితే పక్కది. చందనం చారల్లా కొన్ని, పట్టుచీర జరీ అంచులా కొన్ని. ఖరీదైన వాటిలో బంగారం రంగూ వెండిరంగూ కలిపి రెండు రంగుల్లో వేసేవారు. టైము నడవడానికి దీనివల్ల ఒరిగేది ఏమీ లేదు. దుమ్ముని పట్టి ఉంచుతుందని కొందరు సమర్థిస్తారు గాని, అది పెళ్ళికి నగలు ఎందుకంటే ఆపదలో తాకట్టుకి అన్నట్టుంటుంది.

రాళ్ళ సంగతి అంత తేలిగ్గా తోసెయ్యలేం. హెచ్ఎంటీ జనతా వాచీ వాడినవాళ్ళకి దాని డయలు మీద 17 జ్యువెల్స్ అని ఉండడం గుర్తుండే ఉంటుంది. అవి కెంపులు. వాచీలో కెంపు విలువ దాని గట్టితనంలో ఉంది. ఉక్కు ఇరుసు ఇత్తడి కన్నంలో ఏళ్ళ తరబడి తిరిగితే కన్నం కోడిగుడ్డు ఆకారంలోకి అరిగిపోతుంది. మోస్ కొలమానంలో 9 దగ్గర, వజ్రానికి ఒక్క మెట్టు కింద ఉన్న కెంపు అరగదు, నూనెని పీల్చుకోదు. న్యూటన్ స్నేహితుడు నికొలాస్ ఫాటియో, ఇద్దరు డెబోఫ్ర్ సోదరులతో కలిసి, గడియారాల్లో కన్నం వేసిన రాళ్ళు వాడే పద్ధతికి 1704లో లండన్‌లో పేటెంట్ తీసుకున్నాడు. 1902లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వెర్నోయ్ కొలిమిలో కెంపులు పండించే పద్ధతి ప్రకటించాక రాళ్ళు చవకైపోయాయి.

లెక్క ఇలా ఉంటుంది. ఊగే చక్రానికి పైనా కిందా కలిపి నాలుగు, దానికి తోపునిచ్చే భాగాల్లో మూడు, వెరసి ఏడు. మిగిలిన చక్రాల ఇరుసులకి రెండు చివర్లా పెట్టుకుంటూ పోతే 15, నడిమి చక్రానికి కూడా పెడితే 17. మరి 11 రాళ్ళ గడియారాలు ఎలా వచ్చాయి? ఏడూ పోగా మిగిలిన నాలుగు రాళ్ళనీ వెనక వైపు పలకలో మాత్రమే పొదిగేవారు. డయలు కింద దాక్కునే రెండో చివర ఉత్త ఇత్తడి కన్నమే. వెనక నుంచి చూసేవాడికి 11కీ 15కీ తేడా తెలియదు. ముందు గదికి సున్నం కొట్టించి వంటింటిని వదిలేసిన ఇల్లు చూశారా, అదే ఇది. అద్దం యంత్రంలో సగమే చూపిస్తుంది. ఏ సగం చూపిస్తుందో చేసినవాళ్ళకి ముందే తెలుసు.

నీలం స్క్రూలు చూసి నేను చాలాకాలం రంగు పూశారనే అనుకున్నాను. విజయవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో వాచీలు బాగుచేసే సాయిబుగారు నా భ్రమ పోగొట్టారు. నా గడియారంలో ఒక స్క్రూ తల ఎవరో స్క్రూడ్రైవరు జారించి గీసేశారు. ఆయన దాన్ని ఊడదీసి, గీత పోయేదాకా అద్దంలా మెరుగుపెట్టారు. అప్పుడది తెల్లగా ఉంది. ఒక చిన్న ఇత్తడి గరిటెలో ఇత్తడి రజను పోసి, అందులో స్క్రూని తల మాత్రం కనపడేట్టు గుచ్చి, స్పిరిట్ దీపం మీద పెట్టారు. “రెప్ప వెయ్యకండి సార్” అన్నారు. కాసేపు ఏమీ లేదు. తర్వాత తెలుపు మీద లేత గడ్డిరంగు పాకింది. అది ముదిరి బెల్లం రంగైంది. బెల్లం రంగులోంచి వంకాయ రంగు పుట్టింది. వంకాయ రంగు చూస్తుండగానే ముదురు నీలంలోకి జారిపోయింది. ఆ క్షణంలో పట్టకారుతో స్క్రూని ఎత్తేశారు. ఇంకో నాలుగు సెకన్లు ఆగి ఉంటే పాలిపోయి బూడిదరంగుకి తిరిగేదట. మళ్ళీ మెరుగుపెట్టడం దగ్గర్నించి మొదలు.

ఆ నీలం రంగులో రంగు పదార్థమే లేదు. వేడికి ఉక్కు పైపొర గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి ఆనని పలచటి పొర కడుతుంది. ఆ పొర పై అంచు నుంచి కొంత వెలుతురు, కింది అంచు నుంచి కొంత వెలుతురు వెనక్కి వస్తాయి. రెండూ కలిసినప్పుడు కొన్ని రంగుల అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మిగిలిన రంగు మన కంటికి చేరుతుంది. వాన పడ్డ రోడ్డు మీద పెట్రోలు చుక్క రంగులు తిరగడం, సబ్బు బుడగ మెరవడం, అన్నీ ఇదే కుటుంబం. పొర మందం పెరిగినకొద్దీ రంగు మారుతుంది కాబట్టి గడ్డిరంగు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర, నీలం 300కి కాస్త ఇటు. థర్మామీటరు లేని రోజుల్లో కమ్మరి ఉక్కుకి పదును పట్టించింది ఈ రంగులు చూసే. అంటే స్క్రూ నీలంగా ఉందంటే దాని ఉక్కు ఎంత వేడి చూసిందో అది తన తల మీదే రాసుకుందన్నమాట. తుప్పుకి కొంత అడ్డు కూడా. సింగారమూ పనీ ఒకే పొరలో కలిసిపోయిన చోటు ఇది. అందుకే నాకు చారల కంటే స్క్రూలంటే ఇష్టం.

ఇక ఊగే చక్రం. దానిలో సింగారం పాలు బహు తక్కువ. గోడ గడియారానికి లోలకం ఎలాంటిదో జేబు గడియారానికి ఈ బ్యాలెన్స్ వీలూ, దాని కింద పాములా చుట్టుకున్న హెయిర్ స్ప్రింగూ అలాంటివి. లోలకాన్ని భూమి వెనక్కి లాగుతుంది. జేబులో తలకిందులయ్యే వస్తువుకి భూమిని నమ్ముకుంటే లాభం లేదు కాబట్టి స్ప్రింగు లాగుతుంది. 1675లో హైగన్స్ ఈ ఊహ ప్రకటించగానే, నేనెప్పుడో చేశానని రాబర్ట్ హుక్ లండన్‌లో రచ్చ చేశాడు. ఆ తగువు ఇంకా పూర్తిగా తెగలేదు. స్ప్రింగు ఎంత సాగితే అంత బలంగా వెనక్కి లాగుతుందన్న హుక్ సూత్రమే దీనికి ప్రాణం. అందువల్ల చక్రం కొంచెం ఊగినా ఎక్కువ ఊగినా ఒక ఊపుకి పట్టే కాలం దాదాపు ఒకటే.

నా ఎల్జిన్ సెకనుకి ఐదు సార్లు టిక్కుమంటుంది. గంటకి 18,000, రోజుకి 4,32,000. చక్రం పక్కన సందులోంచి తొంగిచూసే పళ్ళ చక్రానికి 15 పళ్ళు. ఒక్కో పన్ను రెండు టిక్కులిస్తుంది కాబట్టి అది నిమిషానికి పది చుట్లు తిరుగుతుంది. రోజుకి ఒక నిమిషం తప్పిన గడియారాన్ని మనం పనికిరాదంటాం గాని, ఆ తప్పు 1,440లో ఒక వంతు. కిరాణా కొట్టు కాటా అంత నికార్సుగా తూచితే దండం పెడతాం.

భూతద్దం పెట్టి చూస్తే ఈ చక్రం ఒంటిముక్క కాదని తెలుస్తుంది. అంచు లోపలి వైపు ఉక్కు, బయటి వైపు దానికి కరిగించి అతికిన ఇత్తడి. పైగా ఆ అంచుని రెండు చోట్ల కోసేశారు. చుట్టూ దిగేసిన చిన్న చిన్న స్క్రూలతో చూడ్డానికి చేతికడియం తెగినట్టుంటుంది. ఎవరైనా కష్టపడి గుండ్రటి చక్రం చేసి, దాన్ని మళ్ళీ ఎందుకు కోస్తారు?

ఎండ కోసం. మామూలు ఉక్కు హెయిర్ స్ప్రింగు వేడెక్కితే పట్టు సడలుతుంది. ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగితే గడియారం రోజుకి దాదాపు 11 సెకన్లు వెనకబడుతుంది. జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల దగ్గర సరిచేసిన గడియారాన్ని మే నెలలో రెంటచింతల తీసుకెళ్ళారనుకోండి. అక్కడ 45. తేడా 30 డిగ్రీలు, అంటే రోజుకి ఐదున్నర నిమిషాలు. వారం తిరిగేసరికి బస్సు వెళ్ళిపోతుంది. కోసిన చక్రం దీనికి విరుగుడు. ఇత్తడి ఉక్కు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది; బయటి పొర ఎక్కువ సాగడంతో కోసిన అంచుల కొసలు లోపలికి ముడుచుకుంటాయి. బరువు ఇరుసుకి దగ్గరవుతుంది. ఆడపిల్లలు ఒప్పులకుప్ప తిరిగేటప్పుడు దూరంగా వాలినవాళ్ళు చేతులు ముడిచి దగ్గరికి లాక్కుంటే ఏమవుతుంది? తిరుగుడు ఊపందుకుంటుంది. ఇక్కడా అంతే. స్ప్రింగు సడలి వెనక్కి లాగితే చక్రం ముడుచుకుని ముందుకు తోస్తుంది, రెండూ చెల్లుకి చెల్లు. ఎన్ని డిగ్రీలకి ఎంత ముడుచుకోవాలన్నది అంచు స్క్రూలని ఒక కన్నం నించి ఇంకో కన్నానికి మార్చి సరిచేసేవారు. 18వ శతాబ్దం చివర ఇంగ్లండులో జాన్ ఆర్నాల్డ్, థామస్ ఎర్న్‌షా సముద్రం మీద ఓడల గడియారాల కోసం ఈ చక్రాలతో కుస్తీపట్టారు. వందేళ్ళకి అది గుమస్తాల జేబుల్లోకి దిగింది.

చవక గడియారాల్లో ఇక్కడ కూడా నాటకమాడేవారు. అంచుకి స్క్రూలు దిగేసి ఉంటాయి, కోత మాత్రం ఉండదు. అందుకని ఇలాంటి గడియారం చేతికిస్తే నేను రాళ్ళు లెక్కపెట్టక ముందే కోత కోసం వెతుకుతాను.

ఈ చక్రం కథని ముగించినవాడు ఒక గడియారాలవాడి కొడుకే. స్విట్జర్లాండ్‌లో పుట్టిన షార్ల్ ఎదువార్ గియోమ్ నికెలూ ఇనుమూ కలిపి, వేడికి దాదాపు సాగని ఇన్వార్ లోహాన్ని 1896లో కనిపెట్టాడు. తర్వాత వేడికి పట్టు సడలని ఎలిన్వార్ తయారుచేశాడు. 1920లో భౌతిక శాస్త్రంలో నోబెల్ ఆయనకే వచ్చింది. స్ప్రింగే సడలనప్పుడు చక్రం ముడుచుకోవాల్సిన పని లేదు. హామిల్టన్ 992 అన్న ప్రసిద్ధమైన రైల్వే గడియారానికి తమ్ముడిగా 1940లో వచ్చిన 992బి లో బ్యాలెన్స్ కోత లేని ఒంటి చక్రం. టైము బాగా చూపిస్తుంది, చూడ్డానికి ఏమీ ఉండదు. విజ్ఞానం ముందుకెళ్ళి వీపు బోసిపోయిందని నా బోటివాడు నిట్టూర్చవచ్చు గాని, రైలు నడిపేవాడికి ఆ నిట్టూర్పుతో పనిలేదు.

రైళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒక్క సంగతి. 1891 ఏప్రిల్‌లో ఒహాయో రాష్ట్రంలోని కిప్టన్ దగ్గర రెండు రైళ్ళు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. ఒక డ్రైవరు గడియారం నాలుగు నిమిషాలు ఆగి మళ్ళీ నడవడమే కారణమని చెప్పుకుంటారు. క్లీవ్‌లాండ్ నగల వ్యాపారి వెబ్ బాల్‌ని గడియారాల తనిఖీకి పెట్టారు. తర్వాత వచ్చిన నియమాల ప్రకారం రైల్వే గడియారానికి కనీసం 17 రాళ్ళుండాలి, ఐదు భంగిమల్లో ఉంచి చూసి సరిచేసి ఉండాలి, వారానికి 30 సెకన్లకి మించి తప్పకూడదు, సుమారు 1 నుంచి 38 డిగ్రీల దాకా నిలబడాలి. రెంటచింతల మే నెలని వాళ్ళు ఊహించలేదు. గడియారం తరగతిని వెనక పలక మీద చెక్కి ఉండాలన్న షరతు కూడా ఉంది. కౌంటరు మీద గొప్పలు చెప్పుకున్న వీపు ఇప్పుడు తనిఖీ అధికారికి సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. మన దేశంలో గార్డులూ స్టేషన్ మాస్టర్లూ పట్టుకు తిరిగిన గడియారాలు ఎక్కువగా వెస్ట్ ఎండ్, ఫావ్రే లూబా వంటి పేర్లతో స్విట్జర్లాండ్ నించి కేసుతో సహా వచ్చినవి. వాటి వీపులు ఇనుపపెట్టెల్లా మూసి ఉంటాయి. మన ఊళ్ళలో అద్దం వీపు గడియారం దొరకడం కష్టం.

అమెరికాలో కష్టమేం కాదు. ఎల్జిన్ కంపెనీ మూతపడేలోగా దాదాపు ఆరు కోట్ల గడియారాలు చేసింది, వాల్థమ్ నాలుగు కోట్ల దాకా. వందేళ్ళు దాటినవైనా కరువేం లేదు. కరువల్లా కేసులకే. బంగారం ధర ఎగిరినప్పుడల్లా, ముఖ్యంగా 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లు తాకినప్పుడు, తాతల నాటి బంగారు కేసులు కుప్పలుగా మూసల్లోకి పోయాయి. లోపలి మిషన్లని సొరుగుల్లోకి విసిరేశారు. అలా దిక్కులేనివైన మిషన్లని కలెక్టర్లు ఏరుకొచ్చి అద్దాల కేసుల్లో పెట్టారు. సైజులు ఒకటే కదా. పైగా చాలా అమెరికన్ మిషన్లలో కీ బొడిపె కాడ కేసుకే అంటిపెట్టుకుని ఉంటుంది, మిషనుతో ఊడిరాదు. అందుకని ఇందులోంచి తీసి అందులో పెట్టడం సులువు. కాబట్టి ఇవాళ మీరు చూసే డిస్‌ప్లే గడియారాల్లో పాత దుకాణం కౌంటరు మీదనుంచి ఉన్నదున్నట్టు వచ్చినవి కొన్ని, అనాథలకి తర్వాత ఇల్లు కట్టినవి మరెన్నో.

నాది ఏ రకమో నాకు తెలియడానికి ఏడాది పట్టింది. మా బావమరిదికి అమ్మినవాడు “అంతా అసలుదే” అని చెప్పాడట. ఒకరోజు గొలుసు కడియం పట్టి మేకుకి తగిలించాను. పన్నెండు ఎడం పక్కకి వాలిపోయింది. కీ బొడిపె మూడు దగ్గర ఉంది మరి. చేతి గడియారాలకి మామూలుగా మూడు దగ్గరే ఉంటుంది కాబట్టి అదో తేడా అని నాకు తోచలేదు. జేబు గడియారాల్లో మూత లేని వాటికి బొడిపె పన్నెండు దగ్గర ఉండాలి. ముందు కూడా మూత ఉండే హంటర్ కేసుల కోసం చేసిన మిషన్లకే మూడు దగ్గర ఉంటుంది. అంటే ఈ మిషను ఒకప్పుడు రెండు మూతల కేసులో, బహుశా బంగారుదానిలో, కాపురం చేసింది. అద్దం విప్పి చూస్తే కేసు గట్టు మీద స్క్రూ తలలు నొక్కుకున్న మచ్చలు మూడు జతలున్నాయి. నాదాని కంటే ముందు ఇంకో ఇద్దరు అద్దెకున్నారు ఆ ఇంట్లో.

కోపం వచ్చిన మాట నిజమే. తర్వాత తగ్గింది. కేసూ మిషనూ ఎన్నడూ ఒక కడుపున పుట్టని గడియారంలో ‘అసలు’ అన్న మాటకి అర్థం ఏమిటి? మిషను మీది నంబరుతో పుట్టిన ఏడాది తెలుసుకోవచ్చు, కేసు నంబరు దానితో కలవదు, కలవాల్సిన పని కూడా లేదు. అమ్మినవాడు ఆ మాట అనకుండా ఉండాల్సింది, అంతే. నన్నడిగితే సొరుగులో తుప్పు పట్టడం కంటే అద్దాల మేడలో అద్దెకుండడం నయం. మంచి కేసులో ఉన్న మంచి మిషనుని, దీని వీపు చూద్దామని పీకి అద్దాల కేసులో పెట్టేవాళ్ళున్నారే, వాళ్ళని మాత్రం క్షమించను.

అద్దం చెప్పనివీ ఉన్నాయి. ఇరుసుల్లో నూనె ఎండి జిగురైనా చక్రం కొన్నాళ్ళు ముచ్చటగానే ఊగుతుంది, లోపల మాత్రం ఉక్కు అరుగుతూ ఉంటుంది. అందుకే నడుస్తోంది కదా అని కొన్న పాత గడియారాన్ని ముందు మెకానిక్‌కి చూపించాలి. ఐదు భంగిమల్లో సరిచేశామని పలక మీద చెక్కి ఉంటుంది; ఆ సరిచెయ్యడం ఇంకా మిగిలుందో లేదో చెక్కడానికి తెలియదు.

అయితే ఒకసారి నన్ను కాపాడింది ఆ అద్దమే. కరోనా రోజుల్లో నా గడియారం ఉన్నట్టుండి గంటకి నాలుగైదు నిమిషాలు ముందుకి పరిగెట్టడం మొదలుపెట్టింది. వెనకబడితే ముసలితనం అనుకోవచ్చు, ఇదేమిటి? భూతద్దం పెట్టి చూశాను. వానపాము చుట్టలా విడివిడిగా ఉండాల్సిన హెయిర్ స్ప్రింగు చుట్లలో రెండు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. చక్రం ఊగినప్పుడు అక్కడ మాత్రం విచ్చుకోవడం లేదు. పక్కన దిక్సూచి పెడితే దాని ముల్లు చక్రంతోపాటు వణికింది. రోజూ రాత్రి గడియారాన్ని బోర్లా పెట్టిన చోటు బల్ల మీది స్పీకరు నెత్తి అని అప్పుడు గుర్తొచ్చింది. స్పీకరు అయస్కాంతం ఉక్కు స్ప్రింగుని అయస్కాంతం చేసింది, చుట్లు అతుక్కున్నాయి, పనిచేసే స్ప్రింగు పొడవు తగ్గింది. పొట్టి స్ప్రింగు బిగుసు, బిగుసు స్ప్రింగు వడి ఎక్కువ. మూత ఉన్న గడియారమైతే నేను నూనెనీ, సాయిబుగారినీ, చివరికి మా బావమరిదినీ తిట్టుకునేవాణ్ణి.

లాక్‌డౌన్ సడలించాక బీసెంట్ రోడ్డుకి పట్టుకెళ్ళాను. ఆయన నీలం డబ్బాలాంటి డీమాగ్నటైజర్ మీద గడియారాన్ని పెట్టి, మీట నొక్కి, మెల్లగా చెయ్యెత్తు దాకా పైకి లేపారు. పది సెకన్ల పని. డబ్బులు వద్దన్నారు. “స్పీకరుకి దండం పెట్టి దూరంగా ఉండమనండి” అన్నారు.

ఇప్పుడది రోజుకి నలభై సెకన్లు ముందు నడుస్తోంది. ఫాస్ట్, స్లో అనడానికి ఎఫ్, ఎస్ అని రాసిన చోట ఉండే చిన్న ముల్లుని ఎస్ వైపు వెంట్రుకవాసి జరిపితే సరిపోతుంది, నేనే జరపడం లేదు. మా అత్తగారు మా దగ్గరికి వచ్చినప్పుడు దానికి కీ ఇచ్చేది ఆవిడే. పొద్దున్నే కాఫీ తాగాక బొడిపె తిప్పుతూ చక్రం ఊగడం కాసేపు చూస్తారు, కొంగుతో అద్దం తుడుస్తారు, మళ్ళీ బోర్లా పెడతారు. టైము కోసం గోడ గడియారం కేసి చూస్తారు.